కాలేజీ ఫుట్‌బాల్ ఛాంపియన్‌ని ఎలా తేల్చాలి: ఓట్లా, ఇద్దరా, నలుగురా, పన్నెండుమందా?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ (మనం ఫుట్‌బాల్ అనే సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) పెద్ద డివిజన్‌లో 130కి పైగా జట్లున్నాయి. ప్లేఆఫ్‌ల ముందు ఒక్కో జట్టు ఆడేది 12 మ్యాచ్‌లు (కాన్ఫరెన్స్ ఫైనల్‌కి వెళ్తే ఇంకొకటి), అవీ ఎక్కువగా తన కాన్ఫరెన్స్‌లోని, అంటే తన గుంపులోని, జట్లతోనే. కాబట్టి ఐపీఎల్‌లోలా పాయింట్ల పట్టిక చూసి పై నాలుగు జట్లను తీసుకోవడం కుదరదు. అన్నీ గెలిచిన జట్టు గొప్పదా, గట్టి ప్రత్యర్థులతో ఆడి ఒకటి ఓడిన జట్టు గొప్పదా? ఈ సంగతి ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. తగువంతా ఆ ‘ఎవరో ఒకరి’ దగ్గరే.

చదువుకోవడానికి ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకిదంతా తలాతోకా లేని వ్యవహారంలా కనిపించింది. ఇప్పుడేమో డిసెంబర్ మొదట్లో జట్ల పేర్లు ప్రకటించే ఆదివారం నేనూ టీవీ ముందే కూర్చుంటున్నాను. ఏ పద్ధతి మేలో చూడటానికి నాకున్న కొలత ఒకటే: గుమ్మం బయట మిగిలిపోయిన జట్టు ఏది, అది ఏడిస్తే ఆ ఏడుపులో న్యాయం ఎంత?

ముందు ఓట్ల సంగతి. 1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ విలేకరుల ఓట్లతో ర్యాంకులు ఇస్తోంది. 1950లో కోచ్‌ల పోల్ కూడా మొదలైంది. రెండూ ఒకే పేరు చెబితే గొడవ లేదు, చెప్పకపోతే ఇద్దరు ఛాంపియన్లు. 1990లో, 1991లో, మళ్లీ 1997లో జరిగిందదే. 1997లో మిషిగన్, నెబ్రాస్కా రెండూ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. సీజన్ చివర జరిగే పెద్ద మ్యాచ్‌లని బౌల్ గేమ్‌లంటారు; మిషిగన్ కాన్ఫరెన్స్ తన విజేతని వాటిలో ఒకటైన రోజ్ బౌల్‌కే పంపాలన్న పాత ఒప్పందం వల్ల మిషిగన్ ఒకచోట, నెబ్రాస్కా ఇంకోచోట ఆడాయి. విలేకరులు మిషిగన్ అన్నారు, కోచ్‌లు నెబ్రాస్కా అన్నారు. ఆ రెండింటినీ ఒక మైదానంలో దింపి చూద్దామన్నా దారి లేదు. ఇక్కడ గుమ్మం బయట ఎవరూ లేరు, ఎందుకంటే అసలు ఇల్లే కట్టలేదు!

1998లో వచ్చిన బీసీఎస్ (బౌల్ ఛాంపియన్‌షిప్ సిరీస్) ఆ ఇల్లు కట్టింది కానీ ఇద్దరికే చోటిచ్చింది. పోల్స్, కంప్యూటర్ లెక్కలు కలిపి మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్లకి ఫైనల్. వినడానికి బాగానే ఉంది. 2003లో విలేకరుల పోల్‌లోనూ కోచ్‌ల పోల్‌లోనూ నంబర్ వన్ యూఎస్‌సీయే (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ). లెక్కలన్నీ కలిపాక మూడో స్థానానికి జారిపోయింది. తన కాన్ఫరెన్స్ ఫైనల్లో 35-7తో చిత్తుగా ఓడిన ఓక్లహామా మాత్రం ఫైనల్‌కి వెళ్లి ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) చేతిలో ఓడింది. విలేకరులు ఒప్పుకోలేదు, తమ కిరీటం యూఎస్‌సీకే పెట్టారు. మళ్లీ ఇద్దరు ఛాంపియన్లు. మరుసటి ఏడాది యూఎస్‌సీ, ఓక్లహామా, ఆబర్న్ మూడూ ఓటమి లేకుండా వచ్చాయి. కుర్చీలు రెండే. ఆబర్న్ తన బౌల్ గేమ్ కూడా గెలిచి, 13కి 13 నెగ్గి, ఇంటికెళ్లింది. (ఆ ఏడాది గెలిచిన యూఎస్‌సీ కిరీటాన్ని ఒక ఆటగాడి వ్యవహారం మీద 2011లో బీసీఎస్ రద్దు చేసింది. ఆ చోటు అలా ఖాళీగానే ఉంచేశారు.)

2014లో నలుగురి ప్లేఆఫ్ వచ్చింది. కంప్యూటర్లు పోయాయి, 13 మంది కమిటీ వచ్చింది. మొదటి ఏడాదే నాలుగో సీడ్ (ప్లేఆఫ్ వరసలో నాలుగో స్థానం) ఒహాయో స్టేట్ కప్పు కొట్టడంతో పద్ధతికి మంచి పేరొచ్చింది. నిజమే, అంతకుముందు పద్ధతిలో ఆ జట్టుకి ఆడే అవకాశమే లేదు. కానీ నా దృష్టిలో కమిటీ పరువు 2023లో పోయింది. ఫ్లోరిడా స్టేట్ 13కి 13 గెలిచింది, కాన్ఫరెన్స్ టైటిలూ గెలిచింది. బంతి విసిరి జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్‌కి నవంబర్‌లో కాలు విరిగింది. అతను లేని జట్టు అదే జట్టు కాదంటూ కమిటీ దాన్ని ఐదో స్థానంలో పెట్టి, ఒకటి ఓడిన అలబామాని లోపలికి తీసుకుంది. నా కాలు ఇంకా ముందే విరిగి ఉంటే బాగుండేది, ఈ జట్టు నా ఒక్కడిదే కాదని మీకు తెలిసేది అని ట్రావిస్ బాధపడ్డాడు. తర్వాత బౌల్ గేమ్‌లో ఫ్లోరిడా స్టేట్ జార్జియా చేతిలో 63-3తో ఓడినప్పుడు, చూశారా కమిటీ చెప్పింది నిజమే అన్నవాళ్లున్నారు. ఆ మ్యాచ్‌కి చాలామంది ఆటగాళ్లు ఆడటానికే రాలేదన్న సంగతి వాళ్లు చెప్పరు. గెలుపులు లెక్కపెట్టాల్సిన చోట జాతకం చూడటం నాకు మింగుడుపడదు.

2024 నుంచి పన్నెండు జట్లు. అందులో ఐదు చోట్లు కాన్ఫరెన్స్ విజేతలకి ఖాయం. దీని మీద ఉన్న ప్రధాన ఫిర్యాదు చిన్నదేమీ కాదు. ఆ ఏడాది నవంబర్ చివర ఒహాయో స్టేట్ సొంత మైదానంలో, అంతంతమాత్రంగా ఉన్న మిషిగన్ చేతిలో 13-10తో ఓడింది. వెనకటి రోజుల్లో ఆ ఓటమితో సీజన్ ముగిసినట్టే. ఈసారి ఎనిమిదో సీడ్‌గా లోపలికొచ్చి, వరసగా నాలుగు గెలిచి ఛాంపియన్ అయింది. మరి ఆ శనివారానికి విలువేమిటి అని పాతకాలం అభిమానులు అడుగుతారు. కోపం అర్థమవుతుంది. కానీ 2009లో డెక్కన్ ఛార్జర్స్ లీగ్‌లో నాలుగో స్థానంలో నిలిచి, సెమీస్‌లో టాపర్ ఢిల్లీని ఓడించి కప్పు తెచ్చినప్పుడు మన హైదరాబాద్‌లో ఎవరూ పట్టిక తీసి చదవలేదు.

ఇంకో సంగతి. 2024 ఫైనల్లో ఒహాయో స్టేట్‌తో ఆడింది నోటర్ డేమ్. కమిటీ ర్యాంకుల్లో నోటర్ డేమ్ ఐదు, ఒహాయో స్టేట్ ఆరు (ఆ ఏడాది మొదటి నాలుగు సీడ్‌లు కాన్ఫరెన్స్ విజేతలకే ఇచ్చారు, అందుకే ర్యాంకు వేరు, సీడ్ వేరు). నలుగురి పద్ధతే ఉంటే ఇద్దరు ఫైనలిస్టులూ ఇంట్లో కూర్చునేవాళ్లు. 2025లో పదో సీడ్ మయామి ఫైనల్ దాకా వెళ్లి, 16కి 16 గెలిచిన ఇండియానా చేతిలో 27-21తో ఓడింది. ఆ ఏడాది గుమ్మం బయట మిగిలింది నోటర్ డేమ్: రెండు ఓటములు, అందులో ఒకటి అదే మయామి చేతిలో. ఆబర్న్ ఏడుపు, ఫ్లోరిడా స్టేట్ ఏడుపు పక్కన దీన్ని పెట్టి చూడండి. అందుకే నా ఓటు పన్నెండుకి. 16 చేద్దాం, 24 చేద్దాం అన్న మాటలూ వినిపిస్తున్నాయి. వద్దు. ఒహాయో స్టేట్ కుర్రాళ్లు ఇప్పటికే 16 మ్యాచ్‌లు ఆడారు, జట్లు పెంచితే ఇంకా పెరుగుతాయి. లాభం మాత్రం మూడు ఓడిన జట్లకే.

మార్చాల్సింది ఒక్కటి ఉంది. మొదటి నాలుగు సీడ్‌లకి మొదటి రౌండ్ ఆడక్కర్లేదు, నేరుగా క్వార్టర్ ఫైనల్. ఐదు నుంచి ఎనిమిది సీడ్‌లకేమో మొదటి రౌండ్ సొంత క్యాంపస్‌లో, చలిలో, తమవాళ్ల కేకల మధ్య. పై నాలుగింటికి ఆ భాగ్యం లేదు, వాళ్ల క్వార్టర్ ఫైనల్ ఎక్కడో బౌల్ స్టేడియంలో. మొదటి రెండేళ్లలో అలా నేరుగా వెళ్లిన ఎనిమిది జట్లలో ఆ మ్యాచ్ గెలిచింది ఇండియానా ఒక్కటే. క్వార్టర్ ఫైనల్స్ కూడా పై సీడ్ సొంత మైదానంలోనే పెట్టాలి. బౌల్ వాళ్లు ఒప్పుకోరు, టికెట్ల డబ్బు వాళ్లది. 2024 అక్టోబర్‌లో యూజీన్‌లో, తన మైదానంలో, ఒరెగాన్ ఒహాయో స్టేట్‌ని 32-31తో ఓడించింది. ఒక్క ఓటమి లేకుండా నంబర్ వన్ అయినందుకు దానికి దక్కింది 25 రోజుల ఖాళీ, ఆపైన పాసడేనాలోని రోజ్ బౌల్ స్టేడియంలో అదే ఒహాయో స్టేట్‌తో మ్యాచ్. రెండో క్వార్టర్, అంటే సగం ఆట, పూర్తి కాకముందే స్కోరు 34-0, ఒహాయో స్టేట్‌ది పైచేయి.