సాహిత్యం చదవడానికి విదేశం వెళ్లాలనుకుంటున్నారా? కన్సల్టెన్సీ మెట్లెక్కే ముందు నా కథ వినండి

ఏ కన్సల్టెన్సీ అని అడగకండి, పేరు రాయను. అమీర్‌పేటలో మెట్రో దిగి తలెత్తితే కనిపించే బోర్డుల్లో ఒకటి. వీసా వచ్చిన పిల్లలు పాస్‌పోర్టు పట్టుకుని నవ్వుతూ ఉంటారు చూడండి, అలాంటి ఫ్లెక్సీ కిందే నేనూ లోపలికి నడిచాను.

బి.ఏ. అయింది. మార్చిలో సీయూఈటీ పీజీ (పీజీ కోర్సుల ప్రవేశ పరీక్ష) రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో తులనాత్మక సాహిత్యం, అంటే వేర్వేరు భాషల సాహిత్యాలను పోల్చి చదివే ఎం.ఏ.లో సీటు వచ్చింది. లండన్‌లోని సోయాస్ అనే యూనివర్సిటీలో అదే చదవాలని ఇంకో ఆశ. ఇక్కడా, అక్కడా అన్నది ఇంట్లో కూర్చుని కాగితం మీద రెండు గళ్లు గీసుకుంటే తేలిపోయేది. అంతకు ముందే నేను ఆ పని కన్సల్టెన్సీకి అప్పగించి నలభై ఐదు వేలు కట్టాను.

మొదటి రోజే తెలియాల్సింది. "లిటరేచర్ అంటే ఇంగ్లిషేనా మేడం?" అన్నాడు కన్సల్టెన్సీ అతను. సరే, అతని చదువు వేరు అనుకున్నాను. పనిలో పనిగా అమెరికా కూడా చూద్దాం, జీఆర్ఈలో (అమెరికా పీజీ చదువులకు రాసే పరీక్ష) సాహిత్యం సబ్జెక్టు పరీక్షకు కోచింగ్ ప్యాకేజీ ఉంది అన్నాడు. ఆ పరీక్షను 2021లోనే ఎత్తేశారు! చదువయ్యాక అక్కడ మూడేళ్లు ఉద్యోగం చేసుకోవచ్చన్నాడు. ఆ మూడేళ్లు కంప్యూటర్ సైన్సు లాంటి కోర్సులవాళ్లకు. సాహిత్యం చదివే మనకు పన్నెండు నెలలే. ఇవన్నీ నేను తర్వాత వెతికి తెలుసుకున్నవి. ముందే వెతికి ఉంటే ఈ పోస్టు ఉండేది కాదు.

నా పేరున మెయిల్ ఐడీ కూడా వాళ్లే తెరిచారు. పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే. "మీకెందుకు మేడం టెన్షన్, మేం చూసుకుంటాం" అంటే అబ్బ, ఎంత శ్రద్ధో అనుకున్నాను.

సెంట్రల్ యూనివర్సిటీకి ఫీజు కట్టే ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటికి కన్సల్టెన్సీకి ఫోను చేశాను. "కట్టకండి, డబ్బు దండగ. మీకు సగం ఫీజు స్కాలర్‌షిప్ ఖాయమైంది. సాయంత్రానికి లెటర్ వచ్చేస్తుంది" అన్నాడు. నాన్న బ్యాంకు యాప్ తెరిచి పట్టుకుని నా ముఖం వంక చూస్తున్నారు. "వద్దులే నాన్నా" అన్నాను. ఆ మాట అన్నది నేనే, కన్సల్టెన్సీవాడు కాదు. అది గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించడం లేదు.

లెటర్ ఆ సాయంత్రం రాలేదు, తొమ్మిది రోజులకు వచ్చింది. సోయాస్ నుంచి కాదు, నేనెన్నడూ వినని ఊళ్లోని యూనివర్సిటీ నుంచి. కోర్సు మీడియా మేనేజ్‌మెంట్. ఫీజు పద్దెనిమిది వేల అయిదు వందల పౌండ్లు, అందులో "స్కాలర్‌షిప్" రెండు వేలు. సగమంటే ఏ లెక్కలో సగమో! పరుగెత్తుకెళ్లి, సోయాస్ సంగతేమిటని అడిగాను.

"వాళ్లతో మాకు టై-అప్ లేదు మేడం. అందుకే పంపలేదు."

పంపనే లేదు! నాలుగు నెలలుగా "ప్రాసెస్‌లో ఉంది, ప్రాసెస్‌లో ఉంది" అన్నది దేని గురించో మరి. నా డబ్బు నాకిచ్చేయమన్నాను. అతను కాగితం కప్పులో టీ ఊదుకుంటూ నా చేతిలోని గులాబీ రంగు రసీదు తీసుకుని, తిరగేసి, పెన్ను మూతతో వెనక ఉన్న బూడిద రంగు అక్షరాల కింద గీత గీస్తున్నట్టు చూపించాడు. చెల్లించిన రుసుము వాపసు ఇవ్వబడదు. యూనివర్సిటీ ఎంపికలో తుది నిర్ణయం సంస్థదే. ఇంకేవో రెండు.

"అన్నన్ని పుస్తకాలు చదివే మీరు ఈ నాలుగు లైన్లు చదవలేదా మేడం?"

పక్కన కంప్యూటర్ ముందున్న అమ్మాయి కిసుక్కున నవ్వింది. నాకు నోట మాట రాలేదు. పద్యం ఇచ్చి ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు రాయమంటే నాలుగు పేజీలు నింపుతాను. నలభై ఐదు వేల రసీదును మాత్రం తిప్పి చూడలేదు. మోసపోవడం ఒక ఎత్తు, మోసం చేసినవాడే పాఠం చెప్పడం ఇంకో ఎత్తు.

సలహాలు ఇచ్చే స్థితిలో లేను, అయినా రెండు ముక్కలు. మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. చేతిలోని సీటును ఫోనులో చెప్పిన మాట నమ్మి వదలకండి. కన్సల్టెన్సీలకు కమీషన్ వచ్చేది వాళ్లు చేర్పించిన యూనివర్సిటీల నుంచి, కాబట్టి మీ ఇష్టం వాళ్ల జాబితాలో ఉండదు. సోయాస్, ఆక్స్‌ఫర్డ్, రీడింగ్‌లలో చదివే భారతీయులకు ఫెలిక్స్ స్కాలర్‌షిప్ ఉందని నాకు ఒక్కరూ చెప్పలేదు, నేను తెలుసుకునేసరికి గడువు దాటింది. అమెరికాలో పేరున్న చాలా యూనివర్సిటీలు సాహిత్యంలో పీహెచ్‌డీకి ఫీజు మాఫీ చేసి, పాఠాలు చెప్పినందుకు స్టైపెండ్ కూడా ఇస్తాయి, ఎం.ఏ.కి అలా దొరకడం అరుదు. ఇక్కడే ఉంటే యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. నేను వచ్చే మార్చిలో మళ్లీ సీయూఈటీ రాస్తాను.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. రసీదు ఇప్పుడు నా ముందే ఉంది. వెనక ఉన్నవి నాలుగు లైన్లు కాదు, అయిదు. అయిదోది: "మా సేవల గురించి మీ మిత్రులకు తెలియజేయండి."

తెలియజేస్తున్నాను.