చేర్యాల పటం: గోడకు కొంటున్నారా, కథకు కొంటున్నారా?

చేర్యాల పటమంటే కథను వరుస గడుల్లో బొమ్మలుగా వేసిన పొడవాటి గుడ్డ; దాన్ని విప్పి చూపిస్తూ కథ చెబుతారు. మార్కండేయ పురాణం పటం కొనబోతే ముందు ఒక్క గడి వెతకండి. 16 ఏళ్లు నిండిన కుర్రవాడు శివలింగాన్ని వాటేసుకుని ఉంటాడు, యముడు పాశం విసురుతుంటాడు. కూనపులివాళ్లనే కథకులు పద్మశాలీలకు చెప్పే ఈ పటం కథ బిగిసేది అక్కడే. పాశం గీత యముడి చేతి నుంచి కుర్రవాడి దాకా ఒక్క ఊపున రావాలి. మధ్యలో ఆగి మళ్లీ అతికించినట్టుంటే ఆ పటం పక్కన పెట్టేయొచ్చు.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలనే చిత్రకారులు వేసే పాత తరహా పటం సుమారు 3 అడుగుల వెడల్పు, ఒక్కోసారి 60 అడుగుల దాకా పొడవు. మొదట వినాయకుడు, తర్వాత సరస్వతి, ఆపైన కులపురాణం. గడికీ గడికీ మధ్య పూల అంచు. దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు రంగు: వెనక వరసలో కూర్చున్నవాడికీ ఎవరెవరో తెలిసిపోతుంది. మాదిగలకు జాంబపురాణం డక్కలివాళ్లు, గొల్లలకు కాటమరాజు కథ మందహెచ్చులవాళ్లు చెబుతారు. మనమెక్కణ్ణుంచి వచ్చామన్న ప్రశ్నకు ఆ కులానికి జవాబు ఈ గుడ్డ మీదే ఉంది.

ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి ఒకటి రెండు గడుల ముక్కలు. బతుకమ్మ, కల్లుగీత లాంటి విడి బొమ్మలు. గోడకు అందమే, కథ మాత్రం ఉండదు. కథ కావాలంటే వరుస తప్పని ఐదారు గడులైనా అడిగి వేయించుకోండి.

పనితనం తెలిసేది పూతలో. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంకనీళ్లు కలిపి మూడు పూతలు వేస్తారు, ఒకటి ఆరాకే ఇంకొకటి. పచ్చి మీదే వేసినా, మందంగా పట్టించినా, నాలుగుసార్లు చుట్టేసరికి బొమ్మల వెనక పరిచిన ఎరుపు రంగు పగిలి రాలుతుంది. ఒక మూల మెల్లగా వంచి చూడండి. అంచు పువ్వులన్నీ మక్కీకి మక్కీగా ఉంటే అది అచ్చు బొమ్మ. చేతిపనిలో ఏ రెండు పువ్వులూ ఒకటి కావు.

చుట్టేటప్పుడు బొమ్మ బయటివైపు ఉండాలి. లోపలికి చుడితే రంగు పొర నలుగుతుంది. మడత అసలే వద్దు. చింతగింజల జిగురంటే పురుగుకు పండగ, అందుకని పొడి నూలుగుడ్డలో చుట్టి చెమ్మ తగలని చోట పెట్టండి. ప్లాస్టిక్ కవరు పనికిరాదు.

వరుస గడుల పటానికి నిండు మార్కులు, విడి ముక్కకు సగం. పిల్లలకు దీంతో కథ చెప్పేటట్టయితే మొత్తం ఒకేసారి విప్పకండి. పై గడి చెప్పడం అయ్యాకే కింది గడి. కూనపులి కూడా యముణ్ణి ముందే చూపించడు.