ఎల్‌జీబీ పెట్టెలకు చవక లోహపు చక్రాలు కొనేవాళ్లకు జాగ్రత్త: 24 ఇరుసుల్లో 11 పనికిరాలేదు

పెరట్లో ఎల్‌జీబీ (జర్మనీ బొమ్మ రైళ్ల బ్రాండ్) తరహా బొమ్మ రైలు, 45 మిల్లీమీటర్ల గేజ్‌ది, అంటే పట్టాల మధ్య అంత దూరముండేది, వేసుకున్నవాళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్ల కోసం ఇది. 'లోహపు చక్రాలు, ఎల్‌జీబీకి సరిపోతాయి' అని ఆన్‌లైన్‌లో ఊరూ పేరూ లేని దుకాణం మూడోవంతు ధరకు చూపిస్తే ఆశపడకండి. నేను ఆశపడ్డాను. డబ్బూ పోయింది, ఒక వసంతమూ పోయింది.

జర్మనీకి వచ్చాక సంతలో కొన్న పాత పెట్టెలు నావి. రెండిరుసుల గూడ్స్ నాలుగు, బోగీలున్న (బోగీ అంటే ఇక్కడ పెట్టె కాదు, దాని అడుగున రెండేసి ఇరుసులను పట్టుకునే చట్రం) ప్రయాణికుల పెట్టెలు నాలుగు, మొత్తం 24 ఇరుసులు. అన్నిటికీ ప్లాస్టిక్ చక్రాలే. అవి తిరిగేకొద్దీ నల్లటి మడ్డి పట్టుకుని, దాన్నే మళ్లీ పట్టాలకు పూస్తుంటాయి. ఇంజన్ కరెంటు తీసుకునేది ఆ పట్టాల మీంచే కాబట్టి వారానికోసారి తుడవడమే పనయ్యేది. లోహపు చక్రాలైతే ఈ గోల తక్కువ, పైగా బరువు అడుగున ఉంటుంది కాబట్టి పెట్టె ఊగకుండా పోతుంది. మార్చాలన్న ఆలోచనలో తప్పులేదు. కొన్న చోటే తప్పు.

నవంబరులో పార్సిల్ వచ్చింది. బయట మంచు. ఇంట్లో కూర్చుని తీరిగ్గా, రోజుకో పెట్టె చొప్పున బిగించాను. పట్టాల మీద పెట్టి చూసింది మాత్రం ఏప్రిల్‌లో. ఇక్కడ ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని కారణం చెప్పకుండా వెనక్కిచ్చేందుకు ఉండేది 14 రోజులు. నా తెలివితక్కువతనం అదీ.

ఇంజన్ ఒంటరిగా చక్కగా తిరిగింది. పెట్టెలు పట్టాలెక్కించానో లేదో ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎర్రలైటు. షార్ట్. రెండు పట్టాల్లో ఒకటి ప్లస్, ఒకటి మైనస్ కదా, లోహపు ఇరుసుకు రెండు చివరలా లోహపు చక్రాలే ఉంటే రెంటినీ కలిపేస్తుంది. అందుకే కనీసం ఒక చక్రానికీ ఇరుసుకూ మధ్య కరెంటు దాటకుండా ప్లాస్టిక్ బుష్ (తొడుగు) ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే మూడు ఇరుసుల్లో ఆ బుష్ ఉన్నా లేనట్టే, ఈ చక్రం నుంచి ఆ చక్రానికి మీటర్ కుయ్యిమంటోంది. ఆ మూడూ తీసేశాను. అయినా వంపులో మళ్లీ ఎర్రలైటు! నాది 600 మిల్లీమీటర్ల వ్యాసార్ధమున్న ఆర్1 వంపు, ఎల్‌జీబీలో అన్నిటికన్నా బిగుతైనది అదే. రెండు ఇరుసుల్లో బుష్ వదులుగా ఉండి, వంపులో పక్కకి ఒత్తిడి పడ్డప్పుడు చక్రం వెళ్లి ఇరుసును తాకుతోంది. బల్ల మీద ఊరికే కొలిస్తే ఇది దొరకదు. చక్రాన్ని వేళ్లతో అటూ ఇటూ వంచుతూ కొలవాలి. దీన్ని పట్టుకోవడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది.

తర్వాత పాయింట్ల (దారి రెండుగా చీలే చోట్ల) దగ్గర పట్టాలు తప్పడం మొదలైంది. ఒకే చోట, ఒకే పెట్టె. పాయింట్‌నే విప్పి చూశాను, దానిలో ఏ తప్పూ లేదు. సికింద్రాబాద్‌లో ఉన్న నాన్నకు ఫోన్‌లో చెప్పాను. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో చేసి రిటైరయ్యారు. "చక్రాల మధ్య దూరం కొలిచావురా?" అన్నారు. లేదన్నాను. "మరి పాయింట్‌ని తిడతావేం? మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య 1676 అయితే చక్రాల లోపలి ముఖాల మధ్య 1600 ఉండాలి. 2 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండొచ్చు, 1 తక్కువ ఉండొచ్చు, అంతే. అది చూడందే పెట్టెను బయటికి పంపేవాళ్లం కాదు" అన్నారు. బొమ్మ రైలుకు కూడానా నాన్నా అంటే, "బొమ్మదైతే పాయింట్‌కి తెలుస్తుందా?" అన్నారు.

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్ తర్వాత మళ్లీ వెర్నియర్ క్యాలిపర్ పట్టుకుంది అప్పుడే. ఎల్‌జీబీ తరహా చక్రాలకు లోపలి దూరం 40 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. నా ఇరుసుల్లో ఆరింటికి 38 చిల్లరే ఉంది. దూరం అంత తగ్గితే చక్రం వీపు చెక్ రెయిల్ (పాయింట్ దగ్గర చక్రం దారి తప్పకుండా పట్టాకు లోపలి పక్కన వేసే చిన్న పట్టా) మీదికి ఎక్కేస్తుంది. మరీ ఎక్కువైనా ముప్పే, ఫ్లాంజ్ (చక్రం అంచు) పోయి క్రాసింగ్ ముక్కుకు, అంటే పాయింట్‌లో రెండు పట్టాలు కలిసే మొనకు, కొట్టుకుంటుంది. చక్రాన్ని బయటికి జరిపి సరిచేద్దామనుకుంటే బుష్ పగిలింది.

మిగిలిన 13 కూడా గొప్పవేం కాదు. మొదటి వానకే తుప్పు మచ్చలు. ఇరుసు చివరలు గరుకుగా ఉండి బోగీ ప్లాస్టిక్ రంధ్రాలను తొలిచేశాయి, ఒక బోగీకైతే గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికొచ్చింది. చక్రం పోతే ఇంకోటి కొనొచ్చు, పాత పెట్టెకు బోగీ ఎక్కడ తెచ్చేది? (కీచుమంటోందని చేతికందిన నూనె పోయకండి. కొన్ని నూనెలకు ప్లాస్టిక్ పాడవుతుంది, ఎక్కువైతే ఇసుక అంటుకుంటుంది. ప్లాస్టిక్‌కు పడే నూనె ఒక్క చుక్క చాలు. ఇది ఎడ్లబండి కాదు, దోసెడు కందెన పెట్టడానికి.)

అమ్మినవాళ్లకు ఫొటోలు, వీడియో పంపాను. చక్రాలను మీ ఖర్చుతో యూరప్ బయటికి తిరిగి పంపండి, చూసి చెబుతాం అన్నారు. ఆ పోస్టు ఖర్చు చక్రాల ధరకంటే ఎక్కువ. తర్వాత జవాబే లేదు.

ఇప్పుడు అసలు కంపెనీ చక్రాలు నెలకు రెండు పెట్టెలకు చొప్పున కొంటున్నాను. పార్సిల్ విప్పిన రోజే ఒక్కో ఇరుసుకూ మీటర్, క్యాలిపర్ పెట్టి, బల్ల మీద దొర్లించి వంకర చూసి, అప్పుడు బిగిస్తున్నాను.

ఆ సరుకు ఇంకా అమ్మకానికే ఉంది, ఫొటో మార్చారంతే. వివరాల్లో '45 మిల్లీమీటర్లు' అనీ, చక్రం వ్యాసమూ తప్ప ఇంకేమీ ఉండదు. లోపలి దూరం ఎంత, ఇన్సులేషన్ ఏ చక్రానికి, లోహం ఏమిటి అని అడిగితే 'అన్ని జీ స్కేల్ (ఎల్‌జీబీ లాంటి ఈ సైజు) రైళ్లకూ సరిపోతుంది' అని ఒకటే జవాబు వస్తుంది. నేను అడిగినప్పుడూ అదే వచ్చింది.