ఫారిన్ వెళ్తున్నవాళ్లు జాగ్రత్త: కార్డు మిషన్ ‘రూపాయల్లో కడతారా’ అంటే ఒప్పుకోకండి

థాయ్‌లాండ్ కావచ్చు, దుబాయ్ కావచ్చు, యూరప్ కావచ్చు, బయల్దేరే ముందు ఇది చదవండి. ప్యాకేజీ లేకుండా సొంతంగా తిరిగేవాళ్లయితే తప్పకుండా చదవండి, ఎందుకంటే హోటల్ దగ్గర్నుంచి భోజనం దాకా ప్రతి బిల్లూ మీ కార్డు మీదే పడుతుంది.

మన కార్డు పెట్టగానే అది ఇండియా కార్డని అక్కడి మిషన్‌కి తెలిసిపోతుంది. వెంటనే బిల్లును రూపాయల్లోకి మార్చి చూపిస్తుంది. ఎంత పోతోందో అక్కడికక్కడే తెలుస్తుంది కాబట్టి మంచిదే అనిపిస్తుంది. కానీ ఆ రేటు మన బ్యాంకు వేసింది కాదు, వీసా, మాస్టర్‌కార్డు వేసింది కూడా కాదు. దుకాణం తరఫున మార్పిడి చేసే కంపెనీ తన లాభం కలుపుకుని వేసిన రేటు. అందులో దుకాణదారుడికీ వాటా అందుతుంది. దీన్నే డైనమిక్ కరెన్సీ కన్వర్షన్, పొట్టిగా డీసీసీ అంటారు.

థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో మాకు జరిగింది చెప్తాను. హోటల్ ఖాళీ చేసేటప్పుడు బిల్లు 20,000 బాట్లు (అక్కడి కరెన్సీ) అయింది. రిసెప్షన్‌లో అమ్మాయి కార్డు తీసుకుని, మిషన్ తనవైపే తిప్పి పెట్టుకుని, మమ్మల్ని ఒక్క మాట కూడా అడక్కుండా బటన్ నొక్కేసింది. స్లిప్పు చేతికొచ్చాక చూస్తే పైన బాట్లు, దాని కింద ఐఎన్ఆర్ 56,000. అంటే బాట్‌కి 2 రూపాయల 80 పైసలు. ఆ రోజు వీసా వెబ్‌సైట్లో రేటు 2.60. నాది ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీ ఖర్చు మీద మన బ్యాంకు వేసే అదనపు చార్జీ, లేని కార్డు, బాట్లలో గీకితే 52,000తో అయిపోయేది. ఒక్క బటన్‌తో నాలుగు వేలు! నాకు ఒళ్లు మండింది మాత్రం ఇంకోదానికి. సంతకం పెట్టాల్సిన గీత పక్కన, ఏ కరెన్సీలో కట్టాలో ఎంచుకునే అవకాశం నాకు ఇచ్చారనీ, నా నిర్ణయమే ఫైనల్ అనీ చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంది. అవకాశం ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు?

సంతకం పెట్టలేదు. ఇది వాయిడ్ (రద్దు) చేసి బాట్లలో మళ్లీ గీకమన్నాను. ‘సిస్టమ్ దానంతటదే చేస్తుంది సార్, మా చేతుల్లో లేదు’ అంది. అది నిజం కాదు. మిషన్‌లో రెండు ఆప్షన్లూ ఉంటాయి. మేనేజర్‌ని పిలవమని అక్కడే నిలబడితే ఆయనొచ్చి రెండు నిమిషాల్లో రద్దు చేసి, బాట్లలో తీసుకున్నాడు. వాయిడ్ చేయించేది ఉంటే కౌంటర్ దగ్గరే, అదే రోజు చేయించాలి. ఆ రోజు లెక్క బ్యాంకుకి వెళ్లిపోయాక ఇక రద్దు కుదరదు, రిఫండ్ అడగాల్సిందే. ఆ రిఫండ్ వచ్చే రోజుకి రేటు మారి ఉంటే ఆ తేడా కూడా మనమే భరించాల్సి రావచ్చు.

నాది మామూలు కార్డు, ఎలాగూ 3.5 శాతం మార్కప్ పడుతుంది, రూపాయల్లో కడితే అదైనా తప్పుతుంది కదా అని కొందరు అంటారు. లెక్క వేసి చూడండి. 52,000 మీద 3.5 శాతం 1,820, దాని మీద 18 శాతం జీఎస్టీ 328, మొత్తం 54,148. రూపాయల్లో కడితే 56,000 అక్కడే పోయింది. పైగా విదేశంలో రూపాయల్లో జరిగిన లావాదేవీకి కూడా మన బ్యాంకులు చాలావరకు 1 శాతం, దాని మీద జీఎస్టీ వేస్తాయి. అంటే ఇంకో 661. ఎటు చూసినా నష్టమే.

ఏటీఎంలో ఇదే వ్యవహారం ఇంకొంచెం తెలివిగా నడుస్తుంది. డబ్బు ఎంత కావాలో కొట్టాక ఒక స్క్రీన్ వస్తుంది. రూపాయల్లో ఇంత అవుతుంది, ఈ రేటు ఖాయం అంటూ ఒకవైపు ‘యాక్సెప్ట్’, ఇంకోవైపు ‘డిక్లైన్’. డిక్లైన్ నొక్కితే డబ్బే రాదేమోనని భయం వేస్తుంది. చక్కగా వస్తుంది, నొక్కండి. అది కాదనేది వాళ్ల రేటునే. ‘వితౌట్ కన్వర్షన్’ అని ఉన్నా అదే నొక్కాలి. థాయ్‌లాండ్‌లో ప్రతిసారీ 200 బాట్ల పైన పడే ఏటీఎం చార్జీ మాత్రం ఇందులో తప్పదు. అది వేరే సంగతి, కాబట్టి చిన్న చిన్న మొత్తాలు పదిసార్లు తీయకండి.

ఇంట్లో కూర్చుని బుక్ చేసేటప్పుడూ ఇది ఉంటుంది. కొన్ని హోటల్, విమానాల సైట్లు ధర రూపాయల్లోనే చూపిస్తాయి గానీ డబ్బు తీసుకునే కంపెనీ విదేశంలో రిజిస్టర్ అయి ఉంటుంది. అలాంటప్పుడు కూడా ఆ 1 శాతం పడొచ్చు. డిపాజిట్ విషయంలోనూ జాగ్రత్త. చెకిన్ అప్పుడు కార్డు మీద డబ్బు బ్లాక్ చేస్తున్నారా, నిజంగానే లాగేస్తున్నారా అడగండి. రూపాయల్లో లాగేసి వెనక్కిచ్చేటప్పుడు ఇంకో రేటు వేస్తే పోయే రేటు, వచ్చే రేటు రెండింట్లోనూ కోత పడుతుంది.

అమ్మానాన్నల్ని, అత్తామామల్ని పంపిస్తుంటే కార్డు ఇచ్చేటప్పుడే ‘బాట్ ఓన్లీ’ అనమని చెప్పండి. ఏ దేశమైతే ఆ కరెన్సీ పేరు. పిన్ కొట్టే ముందు, ట్యాప్ చేసే ముందు మిషన్ మీద రూపాయలు కనిపిస్తే కార్డు వెనక్కి తీసుకోమనండి.

ఇప్పటికే ఇలా పోయి ఉంటే స్లిప్పు పారేయకండి. ఫొటో తీసి పెట్టుకోండి, ఆ రోజు వీసా లేదా మాస్టర్‌కార్డు సైట్లో ఉన్న రేటు స్క్రీన్‌షాట్ కూడా. కస్టమర్‌ని అడక్కుండా కరెన్సీ మార్చడం కార్డు నెట్‌వర్క్‌ల నియమాలకు విరుద్ధం. వీసా కార్డయితే తప్పు కరెన్సీ ఫిర్యాదులకు 12.3 అనే కోడ్ ఉంది. బ్యాంకు యాప్‌లో డిస్ప్యూట్ వేసేటప్పుడు ఆ నంబరు రాయండి, నన్ను అడగలేదని స్పష్టంగా పెట్టండి. కాల్ సెంటర్‌లో ‘మీరే ఒప్పుకున్నారు’ అంటే అక్కడితో వదిలేయకుండా లిఖితపూర్వకంగా జవాబు ఇమ్మనండి.