వరంగల్ నుంచి కమలాపూర్ ఏనుగుల క్యాంపుకు: తొవ్వ, బస, వేళ

మ్యాపులో ఉత్త ‘కమలాపూర్’ అని కొడితే హుజూరాబాద్ పక్కనున్న మన కమలాపూర్‌కు పోయే ప్రమాదముంది. ఏనుగులున్నది ప్రాణహితకు అవతల, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా అహేరి తాలూకాలో. ‘రేపన్‌పల్లి’ అని కలిపి వెతకండి.

వరంగల్ నుంచి పరకాల, భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం సుమారు 115 కిలోమీటర్లు. గోదావరి వంతెన దాటితే సిరొంచ. అక్కడ ఆలపల్లి రోడ్డు పట్టి రేపన్‌పల్లి దగ్గర మళ్లాలి. దూరం చూసి టైం లెక్కేయొద్దు. ఈ రోడ్డు మీద గుంతలెక్కువ, వానకాలంలో వాగులు పొంగితే బండ్లు ఆగిపోతాయి. కాగజ్‌నగర్ వాళ్లకు గూడెం వంతెన మీదుగా అహేరి తొవ్వే నయం.

ఒక్కరోజులో పోయిరావాలనుకుంటే నిరాశే. ఇది జూ కాదు, ఒకప్పుడు టేకు దుంగలు లాగిన అటవీశాఖ ఏనుగుల క్యాంపు. రాత్రి వాటిని కాలికి గొలుసుతో అడవిలో మేతకు వదులుతారు. పొద్దున మావటీలు జాడ పట్టి తోలుకొస్తారు. చెరువులో స్నానం, తిండి అయ్యాక మళ్లీ అడవిబాటే. వరంగల్‌లో తెల్లారి బయల్దేరితే మీరు చేరేసరికి అసలైన వేళ దాటిపోతుంది. ముందురోజు రాత్రి సిరొంచలోనో ఆలపల్లిలోనో ఉండటం మేలు, లాడ్జీలు మామూలువే. కాళేశ్వరంలో గుడి దగ్గర గదులు దొరుకుతాయి గానీ చీకట్లోనే లేవాలి.

జనవరిలో పోయేముందు తప్పకుండా కనుక్కోండి. ఏటా ఆ నెలలో దాదాపు పది రోజులు ఏనుగులకు సెలవు. వనమూలికలు ఉడికించిన వేడి లేపనంతో పాదాలకు కాపడం పెడతారు. అంత బరువు మోసే అరికాలు పగిలి చీము పడితే ఏనుగు కోలుకోవడం కష్టం. ఆ పది రోజులు మన చూపు కన్నా వాటి పాదాలే ముఖ్యం.

మావటి చెప్పనిదే అరటిపండు కూడా చేతికివ్వొద్దు. చెవులు విప్పి కదలకుండా మీవైపే చూస్తున్నా, కంటికీ చెవికీ మధ్య మదజలం కారుతున్నా మెల్లగా వెనక్కి జరగండి. మచ్చికైనదే కదా అని గున్న దగ్గర సెల్ఫీకి దూరితే తల్లి ఊరుకోదు. 2024 ఏప్రిల్‌లో గడ్చిరోలి వైపు నుంచి ప్రాణహిత దాటి వచ్చిన అడవి ఏనుగు ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు రైతుల ప్రాణం తీసింది. ఏనుగు మనసు చదవడం మన ప్రాంతానికీ అవసరమే.

సిరొంచలోనే డీజిల్ నింపుకొని, నగదు, నీళ్లు, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. భాషకు ఇబ్బంది లేదు, అక్కడ తెలుగు బాగా నడుస్తుంది. తిరుగు ప్రయాణంలో పొద్దుంటే వడధం శిలాజాల పార్కు చూడొచ్చు. చీకటి పడేలోపు మాత్రం వంతెన దాటేయండి.