రేకుల బదులు సోలార్ కప్పు: నాలుగేళ్లు వాడాక

శ్రీకాకుళంలో మా డాబా మీద ఇదివరకు రేకుల షెడ్డుండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గాలికి సగం రేకులు ఎగిరిపోయాయి. మళ్లీ రేకులు వేయించి వాటి మీద ప్యానెళ్లు పెట్టడం దేనికని, 2021లో ప్యానెళ్లనే కప్పుగా వేయించాం. పైనా కిందా అద్దం, మధ్యలో ఎండని కరెంటుగా మార్చే సెల్స్. మొత్తం 3 కిలోవాట్లు. బిగిస్తుంటే మా వీధి పెద్దాయనొకరు "ఏటి బాబూ, అద్దాల పందిరేస్తన్నావేటి?" అన్నారు.

కరెంటు విషయంలో వంక పెట్టడానికేం లేదు. మంచి ఎండకి రోజుకు 12 యూనిట్లు దాటుతుంది, ముసురు పడితే మూడో నాలుగో. రోహిణి కార్తె కంటే శివరాత్రి దాటాక వచ్చే ఎండలకే ఎక్కువొస్తుంది. సెల్ వేడి 25 డిగ్రీలు దాటాక డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం దాకా ఉత్పత్తి పడిపోతుంది మరి. మాది కింద ఖాళీ కాబట్టి గాలాడుతుంది. శ్లాబుకో గోడకో అతికించినట్టు బిగిస్తే ఇంకా తగ్గుతుంది.

తంటా అంతా నీళ్లతోనే. సోలార్ వాళ్లకు వైర్లు తెలుసు, వెల్డర్‌కి పైపులు తెలుసు, రెండు ప్యానెళ్ల మధ్య సందు మాత్రం ఎవరిదీ కాదు. మొదటి వానకే కారింది. రబ్బరు బీడింగ్ మీద సిలికాన్ పూసి వెళ్లారు. మరుసటి ఏడు వేసవికి అది పాము కుబుసంలా ఊడొచ్చింది. అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. చివరికి మేమే ప్రతి సందు కిందా సన్న అల్యూమినియం చానెల్ వేయించి, దిగిన నీరు చూరు వైపు పోయేలా చేశాం. అప్పట్నుంచి చుక్క పడలేదు. సందులోంచి నీరు దిగుతుందనే అనుకుని, చానెళ్లు ముందే డ్రాయింగ్‌లో వేయించండి.

బయట్నుంచి చూడ్డానికి బాగుంటుందని వాలు బాగా తక్కువ పెట్టారు. దాంతో కింది అంచు ఫ్రేము దగ్గర వాన నీరు నిలిచి, ఆరాక రెండు వేళ్ల మందాన మట్టి చార మిగులుతుంది. ఆ చార కింది వరుస సెల్స్‌ని కప్పేస్తే ఆ ప్యానెల్ ఉత్పత్తే బాగా పడిపోతుంది. పొద్దున్నే అద్దం చల్లగా ఉన్నప్పుడు తడిగుడ్డతో తుడుస్తాను. కనీసం 10 డిగ్రీల వాలుంటే ఈ చాకిరీ చాలావరకు తప్పేది.

తుఫానుకి లైను పోతే మాత్రం పైన ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. లైన్‌మెన్‌కి షాక్ కొట్టకుండా కరెంటు లైనుకి కలిపి నడిచే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. మన జిల్లాలో ఉండేవాళ్లు లైను పోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోవడం మేలు.

సెల్స్ మధ్యనుంచి గళ్లు గళ్లుగా వెలుతురు పడుతుంది, వానాకాలం బట్టలన్నీ అక్కడే ఆరతాయి. ఖరీదు మామూలు ప్యానెళ్ల కంటే ఎక్కువే, రేకుల ఖర్చు అందులోంచి తీసేసి లెక్కేసుకోండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన కేంద్ర ప్రభుత్వ సోలార్ పథకం పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, కాకపోతే దేశంలో తయారైన సెల్స్ ఉన్న ప్యానెళ్లకే. మీరు కొనాలనుకున్న అద్దం రకం ప్యానెల్ అందులోకి వస్తుందో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి. ఆఖరి వాయిదా మాత్రం ఒక పెద్ద వాన చూశాకే ఇవ్వండి.