రస్ట్ బ్లూ నిలబడింది, కోల్డ్ బ్లూ చేతులెత్తేసింది

పర్లాకిమిడిలో తుపాకి ఉన్నవాడికి వానాకాలం తుప్పు గురించి చెప్పక్కర్లేదు. నాది నాన్నగారి తర్వాత నా పేరుకి లైసెన్సు మారిన 12 బోర్ సింగిల్ బ్యారెల్. పాత బ్లూయింగ్ (ఇనుము మీద ఉండే నల్లటి పైపొర) అరిగిపోతే బరంపురంలో లైసెన్సున్న షాపులో రెండు రకాలూ కలిపి చేయించాను. గొట్టానికి రస్ట్ బ్లూ, ట్రిగ్గర్ గార్డుకీ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు ముక్క) స్క్రూలకీ కోల్డ్ బ్లూ.

గొట్టం పని దగ్గరుండి చూశాను. మేస్త్రీ ఎసిటోన్‌తో జిడ్డు వదిలించి, తుప్పు పట్టించే మందు పలచగా రాసి పక్కన పెట్టాడు. కొన్ని గంటలకి గొట్టమంతా నారింజ రంగు పొడి. నా గుండె గుభేలుమంది. దాన్ని మరుగుతున్న డిస్టిల్డ్ వాటర్‌లో (బ్యాటరీల్లో పోసేదే) ముంచాక ఆ ఎర్ర తుప్పే నల్లగా తిరిగింది. పైన లేచిన మసిని నూనె లేని స్టీల్ వూల్‌తో రుద్దేసి, మళ్లీ మందు, మళ్లీ మరగబెట్టడం. "దీనికి వానాకాలమే మంచిది బాబూ, సగం పని గాల్లో తేమే చేసేస్తది" అన్నాడు. మనల్ని ఏడిపించే తేమ చేతే చాకిరీ చేయించుకోవడం భలే నచ్చింది.

కోల్డ్ బ్లూ పది నిమిషాల్లో అయిపోయింది. మొదట్లో అందరికీ గార్డునే చూపించేవాణ్ణి, అంత నల్లగా వచ్చింది.

2024 ఎన్నికలకి తుపాకి ఠాణాలో జమ చేశాను. వానలు మొదలయ్యాక గానీ చేతికి రాలేదు. బ్యాగు జిప్పు తీస్తే లోపలి గుడ్డ చెమ్మగా తగిలింది. గార్డు వంపులో, వేళ్లు ఆనే చోట ఇటుక రంగు. స్క్రూల గాడుల్లో ఎర్రటి గీతలు. గొట్టం మీద మాత్రం నూనె గుడ్డ పెట్టి తుడిస్తే గుడ్డకి ఎరుపు అంటలేదు.

కోల్డ్ బ్లూ అంటే పైన పేరుకున్న రాగి, సెలీనియం పొర. రస్ట్ బ్లూలో ఇనుమే నల్ల ఆక్సైడ్‌గా మారుతుంది. అలాగని దాన్ని ఆకాశానికెత్తను. మూతి దగ్గర, బ్యాగు రాసుకునే చోట అదీ తెల్లబడింది. పైగా ఏ బ్లూయింగూ నూనె లేకుండా తుప్పుని ఆపదు. రస్ట్ బ్లూ ఆ నూనెని బాగా పట్టి ఉంచుతుంది, కాబట్టి ఘనతలో కొంత వాటా నూనెదే.

ఇదంతా తడిసిపోయే ఊళ్లో, ఒంటి గొట్టం ఉన్నవాడి మాట. డబుల్ బ్యారెల్ ఉన్నవాళ్లు కాస్టిక్ సోడాతో కాచే హాట్ బ్లూ జోలికి వెళ్లకండి, గొట్టాలని కలిపిన టంకం దెబ్బతింటుంది. నాందేడ్ వైపు ఉండే మా బావమరిది కోల్డ్ బ్లూతోనే నెట్టుకొస్తున్నాడు, అక్కడి ఎండకి అది చాలేమో. నేనైతే ఈసారి గార్డుని కూడా రస్ట్ బ్లూకే ఇస్తాను. స్క్రూలకి కోల్డ్ బ్లూయే కానివ్వండి, పాడైతే మార్చుకోవచ్చు.